ఫోన్ ఉండగా ఇంకా రీలెందుకంటే



పోయిన నెల మా ఊరి పండుగ ఫొటోలు గ్రూపులో పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న. "అక్కా, ఇది ఏ ఫోన్?" అని కొందరు, "ఏ ఫిల్టర్ వాడారు?" అని కొందరు. ఫోన్ కాదు, ఫిల్టర్ కాదు, రీల్ కెమెరా అంటే ఎవరూ నమ్మలేదు. "రీళ్లు ఇంకా దొరుకుతున్నాయా? చేతిలో ఫోన్ ఉండగా వెయ్యి రూపాయలు పెట్టి రీలు కొనడమేంటి, డబ్బులెక్కువయ్యాయా?" అని ఒక తమ్ముడు నేరుగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. హాస్టల్ మెస్ బిల్లుకే చూసుకుని ఖర్చు పెట్టే మనలాంటి వాళ్లకి అది చిన్న డబ్బు కాదు. కామెంట్‌లో రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి. చివర్లో మీ ఇళ్లల్లో చేయాల్సిన పని కూడా ఒకటి ఉంది.

ముందు నెగెటివ్ అంటే ఏంటో చెప్తా. 2000 తర్వాత పుట్టిన చాలామంది చూసి ఉండరు.

కలర్ నెగెటివ్ అంటే నారింజ రంగులో కనిపించే పల్చటి ప్లాస్టిక్ పట్టీ. దాని మీద తెల్లది నల్లగా, నల్లది తెల్లగా, ఎరుపు నీలాకుపచ్చగా, అంతా తిరగేసి ఉంటుంది. దాని పైపూతలో ముఖ్యంగా మూడు రకాల పొరలు ఉంటాయి. ఒకటి నీలం వెలుతురుని పట్టుకుంటుంది, ఒకటి ఆకుపచ్చని, ఒకటి ఎరుపుని. కడిగినప్పుడు ఆ పొరల్లో పసుపు, మెజెంటా, సయాన్ రంగులు పుడతాయి. ఆ రంగులు పూర్తిగా శుద్ధమైనవి కావు, ఒకదాంట్లో ఇంకోదాని ఛాయ కలుస్తుంది. ఆ లోపాన్ని సరిచేయడానికే ఫిల్మ్‌లో నారింజ ముసుగు లాంటిది పెట్టారు. అందుకే పట్టీ మొత్తం ఆ రంగులో ఉంటుంది. పాడైపోయిందని పారేయకండి, దాని స్వభావమే అంత.

అమెరికాలో కోడక్ కంపెనీ 1942లో కోడాకలర్ పేరుతో మామూలు జనానికి కలర్ నెగెటివ్ అమ్మడం మొదలుపెట్టింది. సినిమాల కోసం 1950లో ఈస్ట్‌మన్ కలర్ నెగెటివ్ వచ్చింది. పాత తెలుగు సినిమా పోస్టర్ల మీద పెద్ద అక్షరాలతో "ఈస్ట్‌మన్ కలర్" అని ఉంటుంది చూడండి, అదే ఇది. మన తాతలు సంతకెళ్లి టూరింగ్ టాకీసులో చూసిన రంగులు ఆ కుటుంబానివే.

సరే, ఇప్పుడు నా కారణాలు.

మొదటిది ఎండ.

మన పండుగలు ఎప్పుడు జరుగుతాయో మీకు తెలుసు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. కొమ్ముల ఆట ఆడే మామయ్యలు తెల్ల పంచె కట్టుకుంటారు. తల మీద అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, ముఖం మీద వేలాడే గవ్వలు. మనిషేమో మన రంగు మనిషి. పైన ఎండ, వెనక చింతచెట్టు నీడ. తెల్ల పంచె మీద పడే వెలుతురుకీ, గవ్వల కింద నీడలో ఉన్న ముఖానికీ మధ్య తేడా చాలా ఎక్కువ. ఫొటోగ్రఫీలో వెలుతురుని "స్టాప్" అనే లెక్కలో కొలుస్తారు. ఒక స్టాప్ పెరిగిందంటే వెలుతురు రెండింతలైందని. రెండు స్టాపులంటే నాలుగింతలు, మూడంటే ఎనిమిదింతలు.

డిజిటల్ కెమెరాలో ముఖం కనపడేలా వెలుతురు పెడితే పంచె కాలిపోతుంది. కాలిపోవడమంటే ఆ చోట ఒట్టి తెలుపు తప్ప ఇంకేమీ ఉండదు. మడతలు లేవు, నేత లేదు, అంచు లేదు. తర్వాత కంప్యూటర్‌లో ఎంత లాగినా రాదు, ఎందుకంటే అక్కడ ఏమీ రికార్డు కాలేదు. పోనీ పంచె కోసం వెలుతురు తగ్గిస్తే ముఖం బొగ్గైపోతుంది.

కలర్ నెగెటివ్ ఇక్కడ వేరేలా ప్రవర్తిస్తుంది. వెలుతురు ఎక్కువైతే అది ఒక్కసారిగా చేతులెత్తేయదు. మెల్లమెల్లగా సర్దుకుంటూ పోతుంది. మంచి నెగెటివ్ ఫిల్మ్ మీద రెండు మూడు స్టాపులు ఎక్కువ వెలుతురు పడ్డా వాడుకోదగిన ఫొటో వస్తుంది. దానికి భయమల్లా తక్కువ వెలుతురంటేనే. నీడలో ఏమీ పడకపోతే ఆ పట్టీ ఖాళీగా ఉండిపోతుంది, తర్వాత చేసేదేం లేదు. అందుకే రీలు వాడేవాళ్లు ఒక మాట చెప్పుకుంటారు: నీడని కొలుచుకో, ఎండ సంగతి ఫిల్మ్ చూసుకుంటుంది. 200 స్పీడ్ రీలుని 100 అనుకుని తీసేవాళ్లు చాలామంది. నేనూ అంతే. మామయ్య గవ్వల వెనక ఉన్న ముఖానికి మీటర్ చూసుకుని నొక్కేస్తా. స్కాన్ వచ్చాక చూస్తే ముఖం ఉంది, పంచె మడతలూ ఉన్నాయి. మీరు గ్రూపులో చూసి "ఏ ఫిల్టర్" అని అడిగిన ఫొటో అదే.

ఫోన్ కూడా ఇప్పుడు ఈ పని చేస్తుందిగా అంటారు. చేస్తుంది, కాదనను. ఒక్క నొక్కుకి గబగబా నాలుగైదు ఫొటోలు తీసి, ముఖం ఒకదాంట్లోంచి, ఆకాశం ఇంకోదాంట్లోంచి తెచ్చి కలిపేస్తుంది. కానీ ఎలా కలపాలి, ముఖం ఎంత తెల్లగా ఉండాలి, చర్మం ఎంత నున్నగా ఉండాలి అన్నది అప్పటికప్పుడు ఫోనే తేల్చేస్తుంది. మనల్ని అడగదు. నెగెటివ్ అలా తేల్చదు. పడిన వెలుతురుని తన దగ్గర పెట్టుకుని ఊరుకుంటుంది. ఎలా ప్రింట్ చేయాలన్నది తర్వాతి మాట. రేపు, పదేళ్లకి, పాతికేళ్లకి వేరే మనిషి వచ్చి వేరేలా కూడా తీయొచ్చు.

ఇది నాకు పుస్తకంలోంచి తెలిసిన విషయం కాదు. మా అమ్మమ్మ ఫొటో వల్ల తెలిసింది.

మాది శబరి ఒడ్డున కోయ ఊరు. మా అమ్మ పెళ్లి 1998 ఎండాకాలంలో జరిగింది. మండల కేంద్రం నుంచి ఒక ఫొటో స్టూడియో అతను వచ్చి ఒక రీలు తీశాడు. రాత్రి పూట, మామిడాకుల పందిరి, కరెంటు లేదు, ఫ్లాష్ ఒక్కటే ఆధారం. ఆ రీలులో మా అమ్మమ్మది ఒకే ఒక్క ఫొటో ఉంది. ఆవిడ జీవితం మొత్తానికి అదొక్కటే ఫొటో. నేను మూడో తరగతిలో ఉండగా ఆవిడ పోయింది.

ఆల్బమ్‌లో ఆ ప్రింటు చూస్తూ పెరిగాను. అందులో అమ్మమ్మ ముఖం పిండి రాసినట్టు తెల్లగా ఉండేది. కళ్లు, ముక్కు, బొట్టు, అంతే. నాకు గుర్తున్న అమ్మమ్మ అది కాదు. ఆవిడ నుదుటి మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉండేది, గడ్డం మీద ఇంకోటి. ఆ చుక్కల మీద వేలు పెట్టి లెక్కపెడుతూ ఆవిడ ఒళ్లో పడుకునేదాన్ని. "చచ్చిపోయినాక మనతో వచ్చే సొమ్ము ఇదొక్కటేనే, ఎవడూ ఎత్తుకుపోలేడు" అనేది. కానీ ఫొటోలో ఆ సొమ్ము లేదు.

ఎందుకు లేదో తర్వాత అర్థమైంది. ఆ రోజుల్లో పట్నం ల్యాబులో ప్రింట్లు వేసే మెషీన్ నెగెటివ్ మొత్తం మీద సగటు వెలుతురు చూసి లెక్క కట్టేది. వెనక అంతా చీకటి, మధ్యలో చిన్న ముఖం. "ఫొటో మరీ నల్లగా ఉంది, తేటపరుద్దాం" అని మెషీన్ అనుకుంటుంది. చీకటి కాస్త బూడిదవుతుంది, ముఖం కాస్తా తెల్లబడిపోతుంది. దానికి తోడు ఆపరేటర్లకి ఒక అలవాటు ఉండేది. పెళ్లి ఫొటోల్లో జనం తెల్లగా కనిపిస్తేనే పార్టీ సంతోషపడుతుందని ఇంకో మెట్టు పెంచేవాళ్లు. ఆ కాగితానికి పట్టే వెలుతురు తేడా కూడా నెగెటివ్‌కి పట్టేదాంట్లో కొంత భాగమే. అలా పచ్చబొట్టు కాగితం దాకా రాలేదు.

2022 జూలైలో గోదావరి వరద గుర్తుందిగా. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. శబరి వెనక్కి తన్నింది. మా ఊరు ఊరంతా గుట్టెక్కింది. గుట్ట మీదకి మోసుకెళ్లినవి బియ్యం, మేకలు, ఒక రేకు డబ్బా. ఆ డబ్బాలో భూమి పట్టా, రేషన్ కార్డు, ఆధార్‌లు, కుల ధ్రువీకరణ పత్రాలు. ఆల్బమ్ ఇంట్లోనే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి ప్రింట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దైపోయాయి. విడదీయబోతే రంగు ఊడి వచ్చింది. అమ్మ ఆ రోజు ఇల్లు కూలినందుకు ఏడవలేదు, ఆల్బమ్ చూసి ఏడ్చింది.

కానీ రేకు డబ్బా అడుగున, పట్టా కాగితాల కింద, స్టూడియో అతను అప్పట్లో ఇచ్చిన కాగితపు కవరు ఉంది. అందులో నెగెటివ్ పట్టీలు. ఇంట్లో ఎవరికీ అవి దేనికో తెలీదు. "కవరు మీద పేరుంది కదా, ముఖ్యమైనదేమో అని పెట్టా" అంది అమ్మ.

వాటిని హైదరాబాద్ తీసుకెళ్లి స్కాన్ చేయించాను. స్కానర్‌లో ఆ ఫ్రేమ్ తెరుచుకున్నప్పుడు మొదట పాత ప్రింటు లాగే తెల్లగా ఉంది. ల్యాబులో కుర్రాడు ముఖం భాగానికి వెలుతురు తగ్గించుకుంటూ వచ్చాడు. ముందు బుగ్గ ఎముక వచ్చింది. తర్వాత చర్మం రంగు వచ్చింది, మా రంగు. ఆ తర్వాత నుదుటి మీద మూడు చుక్కలు, గడ్డం మీద ఒకటి. ఇన్నేళ్లూ అవి ఆ పట్టీలోనే ఉన్నాయి. ఫ్లాష్ ఎక్కువ పడ్డా నెగెటివ్ పోగొట్టలేదు. పోగొట్టింది ప్రింటు.

ఫోన్ చేసి అమ్మకి పంపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అంది: "ఇప్పుడు మా అమ్మలాగ ఉంది."

నేను రీలు వాడటానికి అసలు కారణం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

అయితే ఫిల్మ్ అంటే పుణ్యాత్మురాలు, ఫోన్ అంటే పాపాత్మురాలు అని నేను చెప్పట్లేదు. ఫిల్మ్ చరిత్ర కూడా తెలుసుకోవాలి. ల్యాబుల్లో ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కోడక్ ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి అమ్మాయి ఫొటో. మొదటి మోడల్ పేరు షర్లీ, అందుకని అమ్మాయిలు మారినా ఆ కార్డుల్ని షర్లీ కార్డులనే పిలిచేవాళ్లు. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే మెషీన్ సరిగ్గా ఉన్నట్టు. నల్లటి మనుషుల ముఖాలు ఎలా వస్తున్నాయో దశాబ్దాల పాటు కొలబద్దలోనే లేదు. కెనడాకి చెందిన లోర్నా రాత్ అనే పరిశోధకురాలు దీని మీద పనిచేసి 2009లో వ్యాసం రాశారు. అందులో ఒక విషయం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముదురు రంగులు సరిగ్గా రావట్లేదని కోడక్ మీద ఒత్తిడి పెట్టినవాళ్లలో చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు ఉన్నాయంట. డార్క్ చాక్లెట్‌కీ మిల్క్ చాక్లెట్‌కీ తేడా తెలియట్లేదని, చెక్కల రంగులు కలిసిపోతున్నాయని. మనుషుల ముఖాల కోసం కాదు. తర్వాత తర్వాత ఫిల్మ్ బాగుపడింది. 1990లలో వేర్వేరు రంగుల మనుషులున్న కార్డులూ వచ్చాయి.

అంటే ఏ కెమెరా కూడా దేవుడిచ్చినట్టు రాదు. ఎవరి ముఖం చూసి తయారుచేశారో ఆ ముఖాన్నే బాగా చూపిస్తుంది. షర్లీ కార్డు పోయింది గానీ దాని బుద్ధి ఇప్పుడు బ్యూటీ మోడ్‌లో కూర్చుంది. మన పిల్లలు సెల్ఫీ తీస్తే రెండు ఛాయలు తెల్లగా, పచ్చబొట్టు మచ్చలా చెరిగిపోయి వస్తుంది. అది చూసి "బాగా వచ్చింది" అంటారు. ఆ మాట వింటే నాకు 1998 నాటి ల్యాబే గుర్తొస్తుంది. తేడా ఒక్కటే. ఆ ల్యాబు ప్రింటుని మాత్రమే చెరిపింది, వెనక నెగెటివ్ మిగిలింది. ఫోన్ తెల్లబరిచి దాచిన ఫొటో వెనక ఏ పట్టీ లేదు.

రెండో కారణం, రీలు ఇప్పటికీ ఎలా బతికుందన్నది. ఫిల్మ్ చచ్చిపోయిందని అందరూ రాశారు. కోడక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఫ్యూజీ తన ప్రో 400హెచ్ రీలుని 2021లో ఆపేసింది. అయినా కోడక్ గోల్డ్, పోర్ట్రా లాంటివి దొరుకుతూనే ఉన్నాయి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి పేరున్న ఇంగ్లండ్ కంపెనీ హార్మన్ 2023 డిసెంబర్‌లో ఫీనిక్స్ పేరుతో కొత్త కలర్ నెగెటివ్ తెచ్చింది. దీని వెనక ఒక సాదా కారణం ఉంది. కోడక్ 1972లో సీ-41 అనే కడిగే పద్ధతి తెచ్చింది. మెల్లగా కంపెనీలన్నీ అదే పద్ధతికి వచ్చాయి. డెవలపర్ 37.8 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 3 నిమిషాల 15 సెకన్లు. ఏ కంపెనీ రీలైనా, ఏ దేశంలోనైనా ఇదే లెక్క. కాబట్టి ఎక్కడో ఒక ల్యాబు బతికున్నా అన్ని రీళ్లూ కడగొచ్చు. మందు పొడులు కొనుక్కుని నీళ్ల వేడి జాగ్రత్తగా చూసుకుంటే బాత్‌రూమ్‌లో కూడా కడగొచ్చు, నా రూమ్మేట్లు సాక్షి.

దీనికి ఎదురు ఉదాహరణ కోడాక్రోమ్. అది నెగెటివ్ కాదు, స్లైడ్ ఫిల్మ్. రంగులు ఎంత గట్టివో, కడగడం అంత కష్టం. ప్రత్యేకమైన మెషీన్ కావాలి. 2009లో కోడక్ తయారీ ఆపేసింది. ఆఖరికి ప్రపంచం మొత్తానికి అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఒకే ఒక్క ల్యాబు మిగిలింది, అది కూడా 2010 చివర్లో పని ముగించింది. ఫ్యాక్టరీలో తయారైన చివరి రోలుని స్టీవ్ మెక్‌కర్రీ అనే పేరున్న ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చారు. ఆయన ఆ 36 ఫ్రేముల్లో కొన్నింటిని ఎవరి కోసం వాడాడో తెలుసా? మన దేశానికొచ్చి, పశువుల్ని తోలుకుంటూ తిరిగే రబారీల ముఖాల కోసం. చివరి రోలుకి విలువైనవనిపించిన ముఖాల్లో మనలాంటి వాళ్లవి ఉన్నాయి. సంతోషమే. కానీ ఆ స్లైడ్లు ఉన్నది రబారీల ఇళ్లల్లో కాదు కదా అని కూడా అనిపించింది.

ఈ మాట మనకి ఇంకా దగ్గర. 1940లలో హైమన్‌డార్ఫ్ దొర నిజాం రాజ్యంలో చెంచుల మధ్య, పాపికొండల్లో కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి పుస్తకాలు రాశాడు, ఫొటోలు తీశాడు. మార్లవాయిలో ఆయన్ని, ఆయన భార్యని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ ఫొటోలు కలర్ కాదు, బ్లాక్ అండ్ వైట్. ఆయన ఫొటోల సంగ్రహం లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర భద్రంగా ఉంది. భద్రంగా ఉంచినందుకు మంచిదే, లేకపోతే ఏమయ్యేవో. కానీ మన తాతల ముఖాలు చూడాలంటే మనం లండన్ వైపు చూడాలి. అలాగని ఎవరినో తిట్టి లాభం లేదు. మన ఇళ్లల్లో ఉన్న పట్టీలనైనా మనం దాచుకుంటున్నామా అన్నది ప్రశ్న.

మూడో కారణం 36. రీలుకి 36 ఫొటోలే. డెవలప్, స్కాన్ కలుపుకుంటే నాకు ఒక్కో ఫొటోకి నలభై యాభై రూపాయలు పడుతుంది. కాబట్టి నొక్కే ముందు ఆలోచిస్తా, అడుగుతా. అరకు, లంబసింగి వైపు ఊళ్ల పిల్లలు ఈ గ్రూపులో ఉన్నారు, వాళ్లకి తెలుసు. టూరిస్టులు కారు దిగగానే మన పెద్దమ్మల ముఖాల మీద ఫోన్లు పెడతారు. పేరడగరు. ఒకే పెద్దమ్మని యాభై సార్లు తీసి, ఒకటి ఉంచి మిగతావి కొట్టేస్తారు. నా దగ్గర యాభై లేవు. కాబట్టి కూర్చుని, నీళ్లు తాగి, ఇప్పపూల గురించో కోడళ్ల గురించో మాట్లాడి, "ఒకటి తీయనా పెద్దమ్మా" అంటా. ఆవిడ కొంగు సర్దుకుని, ఎలా కనపడాలనుకుంటుందో అలా కూర్చుంటుంది. తీశాక "ఏదీ చూపించు" అంటే చూపించలేను. "కడిగి తెస్తా" అనాలి. అన్నాక తీసుకెళ్లి ఇవ్వాలి. ఫోన్‌లో అయితే చూపించి వచ్చేస్తాం, అక్కడితో సరి. రీలైతే అప్పు మిగులుతుంది, ఆ ఊరికి మళ్లీ వెళ్లాల్సొస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడే వాళ్లు నిజంగా మాట్లాడతారు.

ఇబ్బందులూ చెప్పాలి. ఖర్చు మొదటిది. ల్యాబులు పెద్ద పట్నాల్లోనే ఉన్నాయి, ఏజెన్సీ నుంచి కొరియర్ చేయాలి. ఎండాకాలం రీలుని బస్సులో కిటికీ పక్కన పెడితే రంగులు మారతాయి. చీకట్లో కదిలే మనిషిని తీయాలంటే ఫోనే మేలు. ధర్నా, ప్రమాదం, గ్రామసభలో మాటల రికార్డు, ఇలాంటివాటికి ఫోన్ తప్ప వేరే దారి లేదు, నేనూ అదే వాడతా. ఇంకో సంగతి, కలర్ నెగెటివ్ కూడా అమరం కాదు. కడిగినప్పుడు అందులోని వెండి అంతా తీసేస్తారు, మిగిలేది రంగులే. వేడి, తేమ తగిలితే ఆ రంగులు వెలిసిపోతాయి, బూజు పడుతుంది. వెండి మిగిలే బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్ అంతకన్నా ఎక్కువ కాలం ఆగుతుంది. కాబట్టి అందరూ రీల్ కెమెరాలు కొనండని చెప్పట్లేదు. అప్పు చేసి అసలు కొనొద్దు.

కానీ ఈ పని మాత్రం అందరూ చేయండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు వెతకండి. అటక మీద, ట్రంకు పెట్టెలో, బీరువా అడుగున, పట్టా కాగితాల మధ్య. స్టూడియో కవర్లు, నారింజ పట్టీలు కనపడితే పారేయకండి. 1985 నుంచి 2005 మధ్య పెళ్లిళ్లు, హాస్టల్ గ్రూపు ఫొటోలు, పండుగలు చాలావరకు వాటి మీదే ఉంటాయి. పోలవరం ముంపులో ఊళ్లు ఖాళీ చేసి కాలనీలకి వెళ్లినవాళ్లు, వెళ్లబోతున్నవాళ్లు మరీ ముఖ్యంగా చూడండి. ఆ పట్టీల్లో మనుషుల వెనక ఊరు ఉంటుంది. ఆ చెట్టు, ఆ రేవు, ఆ గుడిసె ఇంకెక్కడా ఉండవు.

పట్టీని అంచులు పట్టుకుని తీయండి, మధ్యలో వేలు పెట్టొద్దు. గుడ్డతో తుడవొద్దు. రబ్బరు బ్యాండ్లు వేయొద్దు. ఒక్కో పట్టీని విడిగా శుభ్రమైన తెల్లకాగితంలో చుట్టండి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఒకటి రెండు వేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. రేకుల కప్పు కింద, పొయ్యి పొగ తగిలేచోట పెట్టొద్దు. వరదలో తడిస్తే కంగారుపడి ఎండలో ఆరేయకండి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. చల్లటి మంచినీళ్లలో మెల్లగా బురద వదిలించి, నీడలో తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీయండి. ఫిల్మ్ పుట్టిందే నీళ్లలో కడగడానికి. నానిన పూత మీద మాత్రం వేలు పడకూడదు. 2022లో మా పక్కింటివాళ్ల పట్టీలు బురదలో దొరికితే ఇలాగే చేశాం. సగం పోయాయి, సగం బతికాయి.

అందులో ఏముందో చూడాలంటే ఒక ఫోన్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, దానికి నాలుగు వేళ్ల ఎత్తులో పట్టీని పట్టుకుని, ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. ఎడిటింగ్ యాప్‌లో రంగులు తిరగేసే ఆప్షన్ ఉంటుంది. అది నొక్కితే మనుషులు బయటికొస్తారు. రంగులు అటూ ఇటూగా ఉన్నా ఎవరో గుర్తుపట్టొచ్చు. పట్టీ అంచున చిన్న అంకెలుంటాయి, అది ఫ్రేమ్ నంబరు.

ఆ నంబర్ల వారీగా ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు రాయండి. ఎవరు, ఏ ఊరు, ఏ ఇంటిపేరు, ఏ పండుగ. ఇది అన్నిటికన్నా తొందరగా చేయాల్సింది. రంగు వెలిసిన పట్టీని కూడా ఏ మెషీనో ఎప్పుడో బాగుచేయొచ్చు. పేరు చెప్పే మనిషి పోతే ఏ మెషీనూ చెప్పలేదు.

దొరికినవాళ్లు కింద కామెంట్‌లో ఊరి పేరు, సుమారుగా ఏ సంవత్సరాలవో రాయండి. నా దగ్గర చిన్న స్కానర్ ఉంది. సంక్రాంతి సెలవుల్లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం వైపు ఊళ్లకి నేనే వస్తా. మీ పట్టీ మీ ఇంట్లోనే, మీ కళ్ల ముందే స్కాన్ చేసి, ఫైలు మీ ఫోన్‌లోకి ఎక్కించి వస్తా. నెగెటివ్ మాత్రం నాకివ్వొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. అది మీ ఇంట్లో పట్టా పక్కనే ఉండాలి.